ప్రభుత్వ కార్యాలయము రాజధానిని విడిచినచో

విద్యార్థులారా! రాజధాని యనగానేమి అని అడిగినచో, ప్రభుత్వ కార్యాలయము లుండు నగరమని మీరు చెప్పుదురు. ఆ కార్యాలయములన్నియు ఒక్కచోటనే యుండవలెనా? పని యున్న తావునకు వానిని తరలించుట మేలు గాదా? ఈ ప్రశ్న వినుటకు సులభము. ప్రత్యుత్తరము చెప్పుట కష్టము. అమెరికా సంయుక్త రాష్ట్రములలో జరిగిన యొక సంగతిని దృష్టాంతముగా గైకొని దీనిని విచారింతము.

ఆ దేశమున బ్యూరో ఆఫ్ లాండ్ మేనేజిమెంటు అను శాఖ గలదు. 1812లో స్థాపింపబడిన భూముల కార్యాలయమును, పచ్చిక బయళ్లను పాలించుచుండిన వేరొక శాఖను 1946లో ఏకము చేయగా ఇది యేర్పడెను. సుమారు 24 కోట్ల 50 లక్షల ఎకరముల ప్రభుత్వ భూమి దీని యధీనమున నున్నది. పశువుల మేతకు అనుమతి నిచ్చుట, చమురు, బొగ్గు మొదలగు ఖనిజములకై భూమిని కౌలున కిచ్చుట, కార్చిచ్చుల నార్పుట మున్నగునవి దీని పనులు. ఆ భూమి దాదాపుగా నంతయు దేశపు పడమటి రాష్ట్రములలోనే కలదు. ముఖ్య కార్యాలయము మాత్రము తూర్పున వాషింగ్టన్ నగరమున నుండెను.

పడమటివారికి ఇది చిరకాలపు మనోవ్యథ. నెవాడా రాష్ట్రమున నూరెకరములలో సుమారు 80 ఎకరములు కేంద్ర ప్రభుత్వమువే. అచ్చట పశువులను మేపుకొను రైతు, "మా బీళ్లను కన్నులార జూడనివారు మా బ్రతుకును నిర్ణయించుట న్యాయమా?" అని యడిగినచో తప్పు పట్టజాలము. రాజధానిలో అద్దెలును అధికము. ఇట్టి కారణములను జూపి, ముఖ్య కార్యాలయమును కొలరాడో రాష్ట్రమునందలి గ్రాండ్ జంక్షన్ పట్టణమునకు తరలించెదమని 2019 జూలైలో ప్రభుత్వము ప్రకటించెను. కొలరాడో నదికి పూర్వము గ్రాండ్ అను పేరుండెను. అది గన్నిసన్ నదితో సంగమించు చోట నున్నందున ఆ పట్టణమునకు ఆ పేరు కలిగెను.

తరువాత నేమి జరిగెను? రాజధాని నుండి 328 ఉద్యోగములను మార్చిరి. 41 మంది మాత్రమే క్రొత్త తావులకు వెళ్లిరి. తక్కిన 287 మంది ఉద్యోగ విరమణ చేసియో, వేరు పని చూచుకొనియో తొలగిరి. లెక్క వేసి చూడుడు: ఎనమండ్రలో ఏడుగురు పోయిరి, ఒక్కరు మిగిలిరి. గ్రాండ్ జంక్షనునకే చేరినవారు ముగ్గురు!

వారిని సోమరులనియు, దేశభక్తి లేనివారనియు నిందింపరాదు. ఉద్యోగి యొంటరివాడు కాడు. భార్యకో భర్తకో ఆ నగరముననే పని యుండును, పిల్లలు బడిలో నుందురు, వృద్ధులైన తల్లిదండ్రులుందురు.

మరియొక విశేషము గలదు. ఆ శాఖ ఉద్యోగులలో నూటికి 97 మంది అంతకుముందే రాజధాని వెలుపల పని చేయుచుండిరి. వాషింగ్టనులో మిగిలిన కొలదిమంది పని వేరు: చట్టసభకు సమాధానము చెప్పుట, ద్రవ్యమును మంజూరు చేయించుట, ఇతర శాఖలతో సంప్రదించుట. రైతునకు భూమి యెట్లో, వారి పనికి రాజధాని యట్లు.

2021 సెప్టెంబరులో ఆ శాఖపై అధికారిణియగు మంత్రి డెబ్ హాలండ్ ముఖ్య కార్యాలయము మరల వాషింగ్టనునకు వచ్చునని ప్రకటించిరి; గ్రాండ్ జంక్షనులో పడమటి కార్యాలయమును నిలిపిరి. కార్యాలయమైతే ఉత్తరువుతో మరలినది; తొలగిపోయిన వారి అనుభవము ఉత్తరువుతో మరలునా?

2019లోనే వ్యవసాయ శాఖకు చెందిన రెండు పరిశోధనా సంస్థలను కాన్సస్ సిటీకి మార్చిరి. అచ్చటను ఉద్యోగుల సంఖ్యయు పనియు కొంతకాలము తగ్గెననియు, రెండేండ్ల తరువాత ఉన్నవారిలో అధికులు క్రొత్తవారేననియు ప్రభుత్వ తనిఖీ సంస్థ 2022లో తెలిపెను. అయినను వాదము ముగియలేదు. 2025 జూలైలో వ్యవసాయ శాఖ తన రాజధాని ఉద్యోగులలో సగముకంటె నెక్కువమందిని ఐదు నగరములకు పంపెదమని ప్రకటించెను.

అట్లయిన కార్యాలయములన్నియు రాజధానిలోనే యుండవలెనా? అక్కరలేదు. మన దేశపు పొగాకు బోర్డు 1976లో ఏర్పడినప్పటి నుండియు ఢిల్లీలో గాక, పొగాకు పండు సీమయగు గుంటూరులో నున్నది. విత్తిన చోటనే మొలచిన చెట్టు సుఖముగా పెరుగును. పెరిగిన చెట్టును పెకలించి వేరొక చోట నాటవలెనన్న, వేళ్ల చుట్టునున్న మట్టితో సహా మెల్లగా తీయవలెను.

కావున కార్యాలయమును తరలింప దలచినవారు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ పనికి ఎవరి సామీప్యము కావలెను? ఉద్యోగులలో ఎందరు వెంట వత్తురు? రానివారి యెఱుకను వచ్చువారికి నేర్పుటకు ఎంత కాలము పట్టును? బల్లలను, కాగితములను బండ్లకెత్తి పంపవచ్చును. ఏ కాగితము ఎందుకు వ్రాయబడెనో యెఱిగిన మనుష్యుని అట్లు పంపజాలము. రేపు మీలో కొందరు అధికారులు కావచ్చును. ఉత్తరువుపై సంతకము చేయునపుడు ఆ 287 మందిని జ్ఞప్తికి దెచ్చుకొనుడు.