నాలుగు దిక్కుల ఆటకి ఎనిమిది దిక్కుల స్టిక్కు

ఇంట్లో ఆర్కేడ్ కేబినెట్ కట్టుకునే కుర్రాళ్లు నా దగ్గరకొచ్చి చెప్పుకునే బాధ ఒకటే: "బాబాయ్, ప్యాక్‌మ్యాన్ సందు తిరగట్లేదు." స్టిక్కు కొత్తదే, మంచిదే. కాకపోతే అది ఎనిమిది దిక్కులకి చేసింది, ఆటేమో నాలుగు దిక్కులది. వాళ్లకి చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు విప్పి చూడండి. అడుగున ఉండేవి నాలుగు స్విచ్చులే. ఐమూలగా తోస్తే పక్కపక్క స్విచ్చులు రెండూ కలిసి పడతాయి, అవే మిగతా నాలుగు దిక్కులు. 1980 నాటి ప్యాక్‌మ్యాన్‌కి, 1981 నాటి డాంకీకాంగ్‌కి నాలుగు దిక్కుల స్టిక్కులే బిగించారు. రెండు స్విచ్చులు ఒకేసారి పడతాయని లెక్కలో పెట్టుకోని ఆటలవి. అందుకే డాంకీకాంగ్‌లో మారియో నిచ్చెన దగ్గర తటపటాయిస్తాడు, ప్యాక్‌మ్యాన్ సందు దాటిపోతాడు.

2. గేటు తిప్పండి. సాన్వా జేఎల్ఎఫ్ లాంటి స్టిక్కు కింద చదరపు గేటు, అంటే కడ్డీ ఎంతవరకు కదలాలో ఆపే చట్రం, ఉంటుంది. దాన్ని ఊడదీసి 45 డిగ్రీలు తిప్పి పెడితే మూలలు పైకీ కిందకీ, కుడికీ ఎడమకీ వస్తాయి. ఐమూలగా తోస్తే గోడ అడ్డొస్తుంది. ఒక్క ఇబ్బంది: మూల దూరం కదా, స్టిక్కు ప్రయాణం నలభై శాతం దాకా పెరుగుతుంది. మొదట్లో చేతికి వదులుగా అనిపిస్తుంది, తర్వాత అలవాటవుతుంది.

3. తిప్పాక చెవి పెట్టి వినండి. స్టిక్కును పై మూల నుంచి గేటు గోడ వెంబడే కుడి మూలకి మెల్లగా జార్చండి. మొదటి స్విచ్చు వదిలిన టక్ వినిపించాకే రెండోది పడిన టక్ వినిపించాలి. రెండోదే ముందు పడిందంటే దారి మధ్యలో రెండూ కలిసి ఉన్నాయన్నమాట. స్విచ్చు మరీ తొందరగా పడుతోందని దాని అర్థం. కడ్డీ కింద స్విచ్చుల్ని తోసే ప్లాస్టిక్ ముక్క ఉంటుంది చూశారా, దాన్ని ఫైటింగ్ ఆటల కోసం లావుది వేసుకుంటారు కొందరు. లావుగా ఉన్నకొద్దీ స్విచ్చు తొందరగా తగులుతుంది, రెండూ కలిసే చోటు పెరుగుతుంది. నాలుగు దిక్కులకి అది తీసేసి, కంపెనీ ఇచ్చినదే వేయండి.

4. కూడిక గుర్తు ఆకారంలో గేటు కోసుకుందామనే ఆలోచన అందరికీ వస్తుంది. వద్దంటాను. ఐమూల పూర్తిగా పోతుంది, నిజమే. కానీ పై నుంచి కుడికి రావాలంటే ప్రతిసారీ నడిమధ్యకి దిగి రావాలి. ప్యాక్‌మ్యాన్‌లో మలుపు రాకముందే స్టిక్కు తోసిపెడితే వాడు మూల కోసుకుంటూ తిరుగుతాడు, దయ్యాలకి ఆ వీలు లేదు. ఆట తెలిసినవాళ్లు బతికేది ఆ చిన్న లాభం మీదే. కూడిక గేటు దాన్ని తినేస్తుంది. తిప్పి పెట్టిన చదరపు గేటులో, అంటే డైమండ్ గేటులో, చెయ్యి గోడ వెంట జారుతుంది, ఆగదు.

5. స్టిక్కు ప్యానెల్‌కి సూటిగా బిగించారో లేదో చూడండి. కాస్త వంకర ఉన్నా మన "పైకి" దానికి ఐమూలే. స్ప్రింగు నీరసంగా ఉంటే మార్చండి.

6. పాతకాలపు రేకు స్విచ్చుల స్టిక్కు దొరికితే అదృష్టం. రేకుల మధ్య ఎడం కాస్త పెంచేలా వంచితే చాలు, రెండూ కలిసి తగలవు. ఆ పని ఇప్పటి స్టిక్కుల్లో టక్‌మనే మైక్రోస్విచ్చుతో కుదరదు.

7. సాఫ్ట్‌వేర్‌ని నమ్మొచ్చు, కొంతవరకే. పాత ఆర్కేడ్ ఆటల్ని కంప్యూటర్లో ఆడించే మేమ్ ఎమ్యులేటర్ ఉంది, 1997లో నికొలా సాల్మోరియా విడుదల చేసింది. అది నాలుగు దిక్కుల ఆటలో రెండు స్విచ్చులు పడితే కొత్తగా పడినదాన్ని ఉంచి పాతదాన్ని వదిలేస్తుంది. చాలామందికి గేటు తిప్పే పని ఇందుకే పడదు. అదే స్టిక్కును అసలు ఆర్కేడ్ బోర్డుకి తగిలిస్తే ఆ సాయం చేసేవాళ్లెవరూ ఉండరు.

8. ఎనిమిది దిక్కుల ఆటలైన 1942, స్ట్రీట్ ఫైటర్ 2 కూడా అదే కేబినెట్‌లో కావాలంటే డైమండ్ గేటుతో గొడవే. ఆటను బట్టి మోటారుతో గేటు తిప్పే సర్వోస్టిక్ అనేదాన్ని అల్టిమార్క్ వాళ్లు చేస్తారు. నన్నడిగితే ప్యానెల్ మధ్యలో కాస్త పైన నాలుగు దిక్కుల స్టిక్కు ఇంకొకటి పెట్టమంటాను. ఒక రంధ్రం, ఐదు వైర్ల పని.

9. ఇంతా చేశాక ఎవడో ఒకడు క్యూబర్ట్ పెట్టమంటాడు. 1982లో గాట్లీబ్ ఆ ఆటకి నాలుగు దిక్కుల స్టిక్కునే 45 డిగ్రీలు తిప్పి బిగించింది, ఎందుకంటే అందులో నడకంతా ఐమూలే. ఆ ఒక్క ఆట కోసం ప్యానెల్ మధ్యలో పెట్టిన స్టిక్కు బోల్టులు ఊడదీసి, తిప్పి బిగించుకోవాల్సిందే.