రంగస్థల ముఖాలంకరణ: తొలి పాఠము

కళాశాల వార్షికోత్సవము సమీపించగానే మనలో పలువురికి మొదటిసారి ముఖమునకు రంగు వేసుకొనవలసిన అవసరము కలుగుతుంది. సంభాషణలను నెల దినములు వల్లె వేస్తాము. రంగును మాత్రము తెర లేచుటకు అరగంట ముందు, ఎవరి పెట్టె నుండియో తీసి, ఎవరిచేతనో పూయించుకొంటాము. నాటక కళను పాఠ్యాంశముగా బోధించే ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గల విశాఖపట్నములో చదువుకొంటున్న మనకు ఈ అశ్రద్ధ తగదు.

భరతుని నాట్యశాస్త్రము అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగుగా విభజించినది. రంగు, వేషము ఆహార్యములోనివి. అనగా రంగు కూడ అభినయమే.

ఇందులో ఆరోగ్య విషయము కూడ ఉన్నది. పూర్వము వీథినాటక కళాకారులు ముఖమునకు పూసుకొన్న అర్దళము ఆర్సెనిక్, గంధకముల సమ్మేళనము. ఇంగిలీకములో పాదరసము ఉన్నది. సుర్మా పేర అమ్మే పొడులలో కొన్ని సీసపు ఖనిజమును నూరి చేసినవి. ఆర్సెనిక్, సీసపు సమ్మేళనములను రంగుగా వాడిన సౌందర్య సాధనములను మన దేశపు 2020 నాటి నియమావళి నిషేధించినది. కనుక తయారీదారు పేరు, పదార్థముల పట్టిక, గడువు తేదీ లేని పొట్లమును కొనరాదు.

ఇక పద్ధతి. ఒక దినము ముందుగా రంగును మోచేతి మడత లోపల కొద్దిగా రాసి చూడవలెను. దురద, దద్దు కనిపించినచో దానిని విడిచిపెట్టవలెను. ప్రదర్శననాడు ముఖము కడిగి, తడి ఆరనిచ్చి, రంగును చుక్కలుగా పెట్టి పలుచగా సర్దవలెను. మన సముద్రపు గాలిలో తేమ ఎక్కువ; చెమట త్వరగా ఆరదు; దళసరి పూత చారలుగా కారుతుంది. పైన పౌడరును రుద్దక, అద్దవలెను. తరువాత కనుబొమలు, కళ్లు, బుగ్గలు, పెదవులు క్రమముగా దిద్దుకొనవలెను. ఎర్రని దీపము క్రింద బుగ్గల ఎరుపు వెలవెలబోతుంది. కావున వేదిక దీపముల వెలుగులోనే, ప్రేక్షకులు కూర్చుండు చోటి నుండి ఒకరు చూచి చెప్పవలెను. కాటుక పెన్సిలును ఒకరిది మరొకరు వాడరాదు. నాటకము ముగిసిన పిమ్మట కొబ్బరి నూనెతో రంగును తుడిచి, సబ్బుతో కడుగుకొనవలెను.

ప్రారంభకులు తరచుగా చేసే పొరపాటు ఒకటి కలదు: ముఖమును తెల్లగా చేయుటయే అలంకరణ అనుకొనుట. ముఖము తెలుపై మెడ నలుపైనచో సభ నవ్వుతుంది. అంతకన్న విచారకరమైనది, మన రంగును మనమే దాచవలసిన లోపముగా తలచుట. రైతు పాత్రకైనను, రాణి పాత్రకైనను మన చర్మపు వన్నెకు సరిపోవు రంగే పునాది. దానిని దవడ అంచున రాసి చూచి ఎంచుకొనవలెను.

కళాశాల సంఘమువారు ఉత్సవమునకు వారము ముందు దీపముల క్రింద ఒక అభ్యాసమును ఏర్పాటు చేసి, నటులకు వేర్వేరు స్పాంజీలు సమకూర్చగలరని ఆశిస్తున్నాము. ఖర్చు స్వల్పము, కాపాడబడునవి మన విద్యార్థుల కళ్లు, చర్మము, ఆత్మగౌరవము.