వదిలి, మళ్లీ పట్టుకున్నవాళ్లు

చిరంజీవి బుజ్జికి,

నీ వాట్సాప్ మెసేజి చదివాను. అంత పొడుగు సంగతికి ఫోన్లో ఒక్కో అక్షరం నొక్కుతూ జవాబివ్వడం నా వల్ల కాదు, అందుకే కాగితం తీశాను.

ఉజ్జీవ సభల్లో మోకాళ్లూని ఏడ్చావు, చెయ్యెత్తావు, నెల తిరక్కుండానే ఎప్పటి మనిషివయ్యావు. ఆ ఏడుపు అబద్ధమేనా అని అడిగావు. అబద్ధమని నేననను. కన్నీళ్లని ప్రవక్తలు తీసిపారేశారని కూడా అనుకోకు. యోవేలు ఉపవాసంతో, ఏడుపుతో రమ్మనే పిలిచాడు. అయితే పొద్దున కనబడి ఎండెక్కేసరికి లేకుండాపోయే భక్తి ఉంటుందని హోషేయకి ఎప్పుడో తెలుసు, అది నీతో మొదలైంది కాదు. నువ్వడిగిన ప్రశ్న ఆ ప్రవక్తలనడిగితే మాత్రం తిన్నగా జవాబు చెప్పరు. ఎదురు ప్రశ్న వేస్తారు.

యిర్మీయా 34వ అధ్యాయం తీసి చదువు. దాని మీద ప్రసంగం చేసినవాళ్లు నాకు తెలిసి తక్కువ. క్రీ.పూ. 588 ప్రాంతం అనుకో. బబులోను రాజు నెబుకద్నెజరు సైన్యం యెరూషలేము చుట్టూ దిగింది. యూదాలో కోటగోడలున్న ఊళ్లలో ఇక మిగిలినవి లాకీషు, అజేకా మాత్రమే అని ఆ అధ్యాయంలోనే ఉంది. 1935లో లాకీషు శిథిలాలు తవ్వితే కోట గుమ్మం దగ్గరి గదిలో సిరాతో రాసిన కుండపెంకులు దొరికాయి, ఇంచుమించు ఆ రోజులవే. కింది అధికారి పైవాడికి పంపిన ఉత్తరాలు. లాకీషు నుంచి వచ్చే మంటల సంకేతం కోసం కాచుకుని ఉన్నామనీ, అజేకా గుర్తు కనబడటం లేదనీ ఒకదాంట్లో రాశాడు. పడిపోతున్న ఒక దేశం, గుప్పిట్లో పట్టేంత పెంకు మీద.

అలాంటి సమయంలో యూదా రాజు సిద్కియా జనంతో ఒక నిబంధన చేయించాడు. అప్పులపాలై అమ్ముడుపోయిన హెబ్రీ దాసులని, ఆడవాళ్లనీ మగవాళ్లనీ, అందరినీ వదిలెయ్యాలని. నిజానికి ఇందులో కొత్తేమీ లేదు. ఆరేళ్లు చాకిరీ చేసినవాణ్ణి ఏడో ఏట పంపించెయ్యమని ధర్మశాస్త్రం ఎప్పటినుంచో చెబుతోంది. తాతముత్తాతలు పట్టించుకోలేదు. ఇప్పుడు శత్రువు గోడ దగ్గరికి వచ్చాక గుర్తొచ్చింది. దేవాలయంలో ఒట్టు పెట్టుకున్నారు. దూడని రెండు ముక్కలుగా కోసి, ఆ ముక్కల మధ్యగా నడిచారు, అధిపతులు, యాజకులు, సామాన్యులు. మాట తప్పితే మాకూ ఇదే గతి అన్నట్టు. ముట్టడిలో తిండి పెట్టలేక వదిలించుకున్నారనే పండితులూ ఉన్నారు. కావచ్చు. కానీ దేవుడి తరఫున యిర్మీయా మొదట వాళ్లని మెచ్చుకున్నాడు, మంచి పనే చేశారని. ఎందుకు చేశారని తవ్వలేదు.

అంతలో ఐగుప్తు నుంచి ఫరో సైన్యం బయలుదేరింది. బబులోనువాళ్లు ముట్టడి ఎత్తి అటు వెళ్లారు. ఊరు ఊపిరి పీల్చుకుంది. ఊపిరి పీల్చుకోగానే చేసిన పని ఏమిటంటే, వదిలినవాళ్లని వెతికి మళ్లీ తెచ్చుకోవడం.

నేను ఎన్నిసార్లు చదివినా అక్కడే ఆగిపోతాను. స్వేచ్ఛ వచ్చిందని చీర కొంగు దులుపుకుని గడప దాటిన ఒకావిడ ఉండే ఉంటుంది కదా. ఆవిడ మళ్లీ అదే ఇంట్లో, అదే తిరగలి ముందు కూర్చుంది. దూడ ముక్కల మధ్య నడిచిన రోజు ఆ యజమాని కళ్లల్లో నిజంగానే నీళ్లు వచ్చాయేమో. ఆవిడకి వాటితో ఒరిగిందేమిటి? యిర్మీయా కూడా వాటి సంగతెత్తడు. ఎవరిని మళ్లీ పట్టుకొచ్చారు అన్నదొక్కటే ఆయన ఫిర్యాదు. మీరు మీ తోటివాళ్లకి విడుదల ఇవ్వలేదు గనక నేనే ప్రకటిస్తున్నాను, కత్తికీ కరువుకీ తెగులుకీ విడుదల అని దేవుడన్నట్టు చెప్పాడు. అంత ఎత్తిపొడుపు బైబిల్లో మరోచోట నాకు కనబడలేదు. సైన్యం తిరిగి వచ్చింది, క్రీ.పూ. 586 ప్రాంతంలో ఊరూ దేవాలయమూ కాలిపోయాయి.

యోనా కథలో నీనెవెవాళ్లు గొడ్లకి కూడా గోనెపట్ట కట్టి పస్తు పెట్టారు. సండే స్కూల్లో పిల్లలు అక్కడ కిసుక్కున నవ్వేవాళ్లు, నేను నవ్వనిచ్చేదాన్ని, అది నవ్వాల్సిన చోటే. అయితే దేవుడు వాళ్ల గోనెపట్ట చూశాడనో ఉపవాసం చూశాడనో అక్కడ లేదనీ, వాళ్ల పనులు చూశాడనే ఉందనీ యూదుల పెద్దలు పట్టుకున్నారు. ఉపవాస దినాల్లో పెద్దాయన లేచి జనానికి ఈ మాటే చెప్పాలని మిష్నా అనే తమ పాత ధర్మగ్రంథంలో రాసిపెట్టారు. దాని మీద వ్యాఖ్యానమైన తల్మూదులో ఇంకో మాట ఉంది. నీనెవెలో ఒకడు దొంగిలించిన దూలంతో మేడ కట్టుకుని ఉంటే, మేడంతా పడగొట్టి ఆ దూలం తిరిగిచ్చాడట. వాళ్ల పెద్ద ఉపవాస దినం యోమ్ కిప్పూరు నాడు పొద్దున యెషయా 58వ అధ్యాయమూ, మధ్యాహ్నం ఈ యోనా కథా ఇప్పటికీ యూదుల సమాజ మందిరాల్లో చదువుతారు. ఉపవాసం ఉంటూనే పనివాళ్లని పీడిస్తున్నారని యెషయా కడిగేసే అధ్యాయం అది. కడుపు మాడ్చుకున్న రోజునే దాన్ని వినాలని పెట్టుకున్న వాళ్ల తెగింపు నాకిష్టం.

ఇక నీ మెసేజి. పై పేరాల్లో అంతా నీ మనసు గురించి. మధ్యలో మాటవరసకి ఒకటి రాశావు: మీ ఫ్లాట్‌లో వంటచేసే అక్క కూతురి పురిటికి ఊరెళితే, నలుగురూ కలిసి ఆ రెండు వారాల జీతం కోసేశారని. సభలకి ముందు సంగతి, ఇప్పుడెందుకులే అని దాటేశావు. నేను దాటలేకపోయాను. యెహోయాకీము రాజు దేవదారు పలకలు వేయించి, ఎర్ర రంగు పూయించి మేడ కట్టుకుంటే, యిర్మీయా కళ్లకి ఆనింది కూలి అందని పనివాళ్లు. ఆయన ముందు నీ మెసేజి పెడితే ఏ వాక్యం దగ్గర వేలు ఆనిస్తాడో నువ్వే చూసుకో.

యెహెజ్కేలుని కూడా చదువు. చెరపట్టుకుపోయిన జనంతో కలిసి బబులోనులో ఉన్నాడాయన. మా పాపాలతో మేము కుళ్లిపోతున్నాం, ఇక బతుకెక్కడిది అని అక్కడ జనం వాపోయారు, అచ్చం నీలాగే. 33వ అధ్యాయంలో జవాబుంది. దారి మళ్లిన దుర్మార్గుడు ఏం చేస్తాడంటే, తాకట్టు వస్తువు తిరిగిచ్చేస్తాడు, దోచుకున్నది ఇచ్చేస్తాడు, బతికించే కట్టడల ప్రకారం నడుస్తాడు. వాడి లోపల ఏమనిపించిందో ఆ లెక్కలో లేదు. అలాంటివాడి పాత పాపం ఒక్కటీ జ్ఞాపకం పెట్టుకోనని కూడా దేవుడు అక్కడే అంటాడు. నీకు నిద్ర పట్టని రాత్రి అదే పుస్తకంలోని ఎండిన ఎముకల అధ్యాయం కంటే ఇదే ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం.

ఒక చిక్కు మాత్రం ఉంది, దాచను. 18వ అధ్యాయంలో కొత్త గుండె మీరే చేసుకోండి అంటాడు. 36లో రాతిగుండె తీసేసి నేనే ఇస్తాను అంటాడు. చెప్పింది ఒకే ప్రవక్త. ఈ రెంటినీ అతకాలని చాలామంది కుస్తీ పట్టారు, నాకు అతకబుద్ధి కాదు. చెయ్యాల్సినవాడికి మొదటిది, చేసి అలసినవాడికి రెండోది అని చదువుకుంటాను. నువ్వింకా అలిసిపోయేంత చెయ్యలేదు నాన్నా.

వంటావిడ డబ్బుకి కొత్త గుండె వచ్చేదాకా ఆగకు, ఫోన్‌పే ఉందిగా. మిగతా ముగ్గురూ ఇస్తారా లేదా అని బేరం పెట్టకుండా నీ వాటా ముందు పంపించు. వాళ్లు నవ్వితే నవ్వనీ. పుట్టింది ఆడపిల్లో మగపిల్లాడో కూడా అడుగు, నాకు చెప్పలేదు నువ్వు.

ఇట్లు,
అమ్మమ్మ