జనుముపై వ్రాలు సీతాకోకచిలుక

జనుము పూత ముదురు దినములలో కొందఱు రైతులు సంఘమునకు వచ్చి, "చేనంతయు ఎఱ్ఱ సీతాకోకచిలుకలు మూగినవి, గ్రుడ్లు పెట్టుచున్నవి, పురుగుమందు ఇప్పింపుడు" అని యడుగుదురు. మందునకు సొమ్ము వెచ్చించుటకు ముందు ఆ ప్రాణి యెట్టిదో తెలిసికొనుట మేలు.

దాని రెక్కలు నారింజవన్నెవి. ముందురెక్కల కొనలు నల్లనివి, వానిపై తెల్లమచ్చ లుండును. అది జనుముపై గ్రుడ్డు పెట్టదు. దాని గొంగళికి ఆహారము జిల్లేడు, దుష్టపుతీగ మొదలగు పాలుగల మొక్కలు. తల్లి సాధారణముగా జిల్లేటాకు అడుగున ఒక్కొక్క గ్రుడ్డే పెట్టును. కొన్ని దినములలో వెలువడు గొంగళికి నలుపు తెలుపు పట్టెలు, పసుపు మచ్చలు, వీపున మూడు జతల నల్లని తీగలు ఉండును. అది ముందుగా ఆకు ఈనెను గొఱికి, పాలు తగ్గిన పిమ్మట తినుట చూడముచ్చటగా నుండును. జిల్లేటిపాలలోని విషమును ఒంట నిలుపుకొనుటచే పక్షులు దీనిని సాధారణముగా ముట్టవు. గంగపాయల తిని పెరుగు వేఱొక జాతిలో ఆడుది దీని వేషమే ధరించి పక్షులను మోసగించుచుండును!

అయినచో జనుముపై పని యేమి? పూవులలోని తేనె యొకటి. అంతకన్న ముఖ్యముగా, మగవి జనుము, గిలిగిచ్చ, తేలుమణి మొక్కల ఎండిన భాగములనుండి ఒక రసాయనమును పీల్చి, ఆడువానిని ఆకర్షించు వాసనను సిద్ధపఱచుకొనును. ఈ కుటుంబమునకు చెందిన పలుజాతులు దక్షిణదేశమున నైరుతి వర్షములకు ముందు పడమటి కనుమలనుండి తూర్పునకును, ఆ వర్షములు వెనుకబడిన తరువాత మరల పడమటికిని గుంపులుగా వలస పోవును. కావుననే ఒక్కనాడు చేను నిండి, కొలది దినములలో వానియంతట అవే కనబడకుండ పోవుట కలదు.

జనుమునకు నిజమైన శత్రువు వేఱు. తెల్లని రెక్కలపై ఎఱుపు, నలుపు చుక్కలుగల చిన్న రెక్కలపురుగు అది. దాని గొంగళి ఆకును తిని, కాయను తొలిచి గింజలను పాడుచేయును. పచ్చిరొట్టకు విత్తిన జనుమును సుమారు 45 దినములకు, పూతదశలో, దున్ని కలిపివేయుదుము గనుక కాయనష్టమను మాట లేదు. విత్తనమునకు విడిచిన చేనిలో మాత్రము కాయలను విప్పి చూడవలెను. తొలుత కనబడిన గొంగళులను చేతితో ఏఱివేయవలెను.

వరిమడికి జిల్లేడు రొట్ట నఱకునపుడు చారల గొంగళులు కనబడినచో గట్టుపై ఒకటి రెండు మొక్కలను విడువుడు. అవి మడిలోనికి ప్రాకినను వరిని తినజాలవు.