చమురు జాడ

ఉప్పల్ కూడలి నుండి నాచారం పారిశ్రామికవాడకు సాగే దారుల్లో మెకానిక్ షెడ్లు, లేత్ వర్క్‌షాపులు, విడిభాగాల దుకాణాలు కనిపిస్తాయి. షెడ్ల ముందరి నేల నల్లగా ఉంటుంది. ఏళ్ళ తరబడి బండ్ల నుండి కారిన ఇంజన్ ఆయిల్ మట్టిలోకి ఇంకి ఆ రంగు తెచ్చింది. రాత్రంతా నిలిచిన లారీని ఉదయం పక్కకు తీయగానే అనుభవం గల మెకానిక్ మొదట చూసేది ఇంజన్‌ను కాదు, నేలను. మరక ఎక్కడ పడిందో దానికి నేరుగా పైన లోపం ఉంటుందని అతని లెక్క. నిలిచి ఉన్న బండి విషయంలో ఆ లెక్క చాలావరకు సరిపోతుంది. అక్కడ బొట్టును నడిపించేది భూమ్యాకర్షణ ఒక్కటే.

చిన్న విమానం దగ్గరకు వచ్చేసరికి ఆ లెక్క తప్పుతుంది. దాని ఇంజన్ ముక్కు భాగాన, కౌలింగ్ అనే రేకు తొడుగు లోపల ఉంటుంది. ప్రొపెల్లర్ వెనక్కు నెట్టే గాలి, విమాన వేగం వల్ల ఎదురు వచ్చే గాలి, ఇంజన్‌ను చల్లబరచడానికి తొడుగు లోపల పైనుండి కిందికి సాగే గాలి, ఈ మూడూ కలిసి చమురు బొట్టును పుట్టిన చోట నిలవనీయవు. ముందు భాగంలో ఊరిన చెమ్మ సిలిండర్ల మీదుగా పాకి, వెనుకనున్న ఫైర్‌వాల్‌ను తడిపి, విమానం కడుపు వెంట తోక దాకా సాగుతుంది. మరక కనిపించిన చోటికీ లోపం ఉన్న చోటికీ మధ్య రెండు మూడు మీటర్ల దూరం ఉండవచ్చు. పైగా లారీ డ్రైవర్ చమురు పీడనం పడిపోతే బండిని రోడ్డు వారకు తీసి బానెట్ ఎత్తగలడు. నాచారం ఇళ్ళ కప్పులకు రెండు వేల అడుగుల ఎత్తున ఎగిరేవాడికి రోడ్డు వార అంటూ ఏదీ లేదు.

హైదరాబాదుకు చిన్న విమానాలు కొత్త కాదు. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాదుకు తరలిపోయిన తరువాత కూడా బేగంపేటలో వైమానిక శిక్షణ సాగింది. ఆంధ్రప్రదేశ్ ఏవియేషన్ అకాడమీగా పేరొంది, రాష్ట్ర విభజన అనంతరం తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ అయిన సంస్థ పైలట్లతో పాటు విమాన నిర్వహణ ఇంజనీర్లకు కూడా అక్కడ శిక్షణ ఇచ్చింది. ప్రపంచమంతటా ఇటువంటి శిక్షణకు ఎక్కువగా వాడిన విమానాలలో సెస్నా 172 ఒకటి. 1956 నుండి అది 40 వేలకు పైగా తయారైంది. దానిలో ఎక్కువ రకాలకు అమర్చింది అమెరికాలోని లైకమింగ్ సంస్థ ఇంజన్. నాలుగు సిలిండర్లు ఇరువైపులా రెండేసి చొప్పున పడుకొని ఉంటాయి. వాటికి నీటి శీతలీకరణ ఉండదు. గాలి కొంత వేడిని తీసుకుపోతే, తక్కిన భారంలో పెద్ద పాలు చమురు మోస్తుంది. అరుగుదలను ఆపడం, వేడిని మోయడం, మసిని కడగడం, పిస్టన్ చుట్టూ సందులను మూయడం అనే నాలుగు పనులు ఆ ఏడెనిమిది లీటర్ల చమురు మీద ఉన్నాయి. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆ చమురు సాధారణంగా చదరపు అంగుళానికి 60 నుండి 90 పౌండ్ల పీడనంతో తిరుగుతూ ఉంటుంది. ఎక్కడ సందు దొరికినా బయటికి రావడానికి ఆ పీడనం చాలు.

చమురు తగ్గినంత మాత్రాన అది కారిందని అనుకోరాదు. ఈ రకం ఇంజన్లు కొంత చమురును కాల్చుకుంటాయి. 160 అశ్వశక్తి గల ఇంజన్‌కు తయారీదారు సూత్రం ప్రకారం గంటకు దాదాపు అరలీటరు వరకు ఖర్చు అనుమతించదగినదే. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ అందులో చిన్న భాగమే తాగుతుంది. కనుక వెదుకులాట పానాతో కాక లాగ్‌బుక్‌తో మొదలవుతుంది. ఎన్ని గంటల ఎగురుడుకు ఎంత చమురు పోశారు, ఆ అంకె పెరుగుతున్నదా, ఎప్పటినుండి పెరిగింది, ఆ తేదీకి ముందు ఇంజన్ మీద ఏ పని జరిగింది అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు దొరికితే సగం దారి తెలిసినట్లే. స్పార్క్ ప్లగ్గులు చమురుతో తడిసి, పొగగొట్టం నుండి నీలిపొగ వస్తూ, ఇంజన్ బయట పొడిగా ఉంటే చమురు లోపలే కాలుతున్నదని అర్థం. అప్పుడు వెదకవలసింది సందును కాదు, పిస్టన్ రింగులను, వాల్వుల గైడ్లను.

ఇక్కడ తెలుగు నుడికారం విమాన శాస్త్రానికి బాగా అక్కరకు వస్తుంది. చెమర్చడం వేరు, ఊరడం వేరు, ఓడడం వేరు, కారడం వేరు, చిమ్మడం వేరు. కుండ ఓడుతున్నదనే ఇల్లాలు కుండ కారుతున్నదని అనదు. మట్టిలో ఉన్న సన్నని లోపం గుండా నీరు మెల్లగా బయటపడడమే ఓడడం. ఓటికుండ అన్న మాట అందులోనుండి పుట్టింది. ఇంజన్ విషయంలో కూడా ఈ తేడాలు ప్రాణం మీదివే. అతుకు వద్ద చెమర్చిన చోటును గుర్తు పెట్టుకొని తరువాతి తనిఖీలో మళ్ళీ చూడవచ్చు. కారుతున్నదంటే ఆ విమానం ఎగరరాదు. చిమ్ముతున్నదంటే, ఆ తుంపర ఎర్రగా కాలిన పొగగొట్టం మీద పడితే మంట పుట్టడానికి ఎంతోసేపు పట్టదు.

జాడ తీసే క్రమంలో మొదటి నియమం కడగడం. అయితే కడగక ముందు చూడడం దానికన్నా మొదటిది. తొందరపడి కడిగినవాడు సాక్ష్యాన్ని కూడా కడిగివేస్తాడు. ధూళి పట్టి జిగురుగా మారిన మరక పాతది. మెరుస్తూ తడిగా ఉన్నది కొత్తది. నీలిరంగు చారిక అయితే అది చమురే కాదు, రంగు కలిపిన విమాన పెట్రోలు. ఎర్రని జిడ్డు బ్రేకుల హైడ్రాలిక్ ద్రవం. ఈ తేడాలు గమనించి రాసుకొన్న తరువాత, ఇంజన్ చల్లారాక, మాగ్నెటోలకు, ఆల్టర్నేటర్‌కు, వాక్యూమ్ పంపుకు తడి తగలకుండా కప్పి, ద్రావకంతో ఇంజన్‌ను పైనుండి కింది వరకు కడుగుతారు. గాలితో ఆరబెడతారు. ఆపై కొద్ది నిమిషాలు నేల మీదనే నడిపి, ఆపి, టార్చిలైటుతో, పొడవైన పిడి గల చిన్న అద్దంతో ప్రతి మూలనూ చూస్తారు. ఏమీ కనబడకపోతే మరికొంతసేపు నడిపి మళ్ళీ చూస్తారు. చమురు వేడెక్కి పలుచబడితే గాని నోరు విప్పని సందులు కొన్ని ఉంటాయి.

తడిసిన చోట్లన్నిటిలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఉన్న చోటు ఏదో అదే మూలం కావడానికి అవకాశం ఎక్కువ. గాలి వెనక్కు నెడుతుంది, బరువు కిందికి లాగుతుంది. ఆ రెండింటికీ ఎదురు నడిస్తే బొట్టు పుట్టిల్లు దొరుకుతుంది. అప్పటికీ తేలకపోతే తెల్లని పొడిని చల్లే పద్ధతి ఉంది. పగుళ్ళను కనిపెట్టే పరీక్షలో వాడే తెల్లని స్ప్రేను అనుమానమున్న అతుకుల మీద పలుచగా చల్లి ఇంజన్ నడిపితే, చమురు తాకిన మొదటి చోట ఆ తెలుపు నల్లబడుతుంది. అతినీల కాంతిలో మెరిసే రంగును చమురులో కలిపి చీకటిలో వెదకడం మరొక మార్గం. తయారీదారు అంగీకరించిన రంగు అయితేనే దాన్ని వాడాలి.

నన్నయ తెలుగు చేసిన నలోపాఖ్యానంలో బాహుకుని రూపంలో ఉన్న నలుడు అశ్వహృదయం ఎరిగినవాడు. గుర్రం పైరూపం చూసి కాక దాని లోని తత్త్వం తెలిసి రథం నడిపాడు. ఈ 160 అశ్వాల యంత్రానికి కూడా అటువంటి హృదయ జ్ఞానం కావాలి. రాకర్ కవర్ల గాస్కెట్లు, పుష్‌రాడ్ గొట్టాల చివరి సీళ్ళు, సిలిండర్ నుండి చమురును కిందికి దింపే గొట్టాల రబ్బరు అతుకులు సర్వసాధారణంగా పట్టుబడే దొంగలు. వేడికి రబ్బరు గట్టిపడుతుంది, క్లిప్పు వదులవుతుంది. కారుతున్నది కదా అని కవర్ బోల్టును మరింత బిగించడం చాలామంది చేసే పని. అది బిరడా గాస్కెట్‌ను నలిపి కారడాన్ని పెంచుతుంది. ఫిల్టర్ మార్చినప్పుడు పాత రబ్బరు వలయం ఇంజన్‌కే అంటుకొని మిగిలిపోతే, దాని మీద కొత్తది కూర్చుంటుంది. నేల మీద అంతా బాగానే ఉన్నట్లు తోచినా పూర్తి పీడనం వచ్చేసరికి ఆ జోడు వలయాలు జారిపోవచ్చు. ఫిల్టర్ మార్చిన వెంటనే ఇంజన్ నడిపి చూడాలన్న నియమం ఊరికే పుట్టలేదు.

అన్నిటిలోకీ మోసపుచ్చేది బ్రీదర్ గొట్టం. పిస్టన్ల పక్కనుండి కొంత వాయువు ఎప్పుడూ క్రాంక్‌కేస్‌లోకి దిగుతూ ఉంటుంది. ఆ వాయువు బయటికి పోవడానికి ఈ గొట్టం ఏర్పాటైంది. వాయువుతో పాటు చమురు ఆవిరి కూడా పోయి విమానం కడుపున జిడ్డుగా పేరుకుంటుంది. అవసరానికి మించి నింపిన చమురులో పైభాగం కొన్ని గంటలలోనే ఈ దారిన వెళ్ళిపోతుంది. సందే లేని చోట సందు కోసం రోజుల తరబడి వెదికేవారు ఈ సంగతి మరచినవారే. రింగులు అరిగితే జిడ్డు పెరుగుతుంది. ఆ మందు లోపల వేయాలి, బయట కాదు. అతిశీతల ప్రదేశాలలో గొట్టం చివర తేమ గడ్డకట్టి దారి మూసుకుపోయే ప్రమాదం కూడా ఉంది. అందుకే గొట్టానికి పైన, వెచ్చని చోట, మరొక చిన్న రంధ్రం పెడతారు. రెండూ మూసుకుపోతే లోపలి పీడనం ప్రొపెల్లర్ వెనుకనున్న ముందరి సీలును బయటికి తోసివేస్తుంది. నిమిషాలలో చమురు ఖాళీ అవుతుంది. ఊడిన సీలును మాత్రమే మార్చి గొట్టాన్ని చూడని మెకానిక్ అదే సీలును మళ్ళీ మార్చవలసి వస్తుంది.

ఇంజన్ పొట్ట రెండు అల్యూమినియం సగాలు కలిసి ఏర్పడింది. వాటి అతుకులో గాస్కెట్ ఉండదు. సన్నని పట్టుదారాన్ని బంక మీద పరచి రెండు సగాలను బిగిస్తారు. ఉప్పల్‌కు తూర్పున ఉన్న పోచంపల్లిలో చీరగా మారే పట్టుకూ, ఇక్కడ చమురును ఆపే పట్టుకూ గుణం ఒకటే: సన్నదనం, బలం. ఆ అతుకు వద్ద గానీ, సిలిండర్ మొదట్లో గానీ తడి కనిపిస్తే ఎవరూ తేలికగా తీసుకోరు. అది అతుకు తడా, లోహపు పగులా అని తేల్చాలి. పగులైతే ఇంజన్ మొత్తం విప్పవలసిందే.

కంటికి కనిపించే చమురును పట్టడమే ఇంత కష్టం. నాచారానికి ఉత్తరాన, మౌలాలి పరిసరాలలో 1971లో ఏర్పడిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో ఇంధన కడ్డీల సందులను హీలియం వాయువుతో పరీక్షిస్తారు. అక్కడ వెదికే వస్తువుకు రంగు లేదు, తడి లేదు, వాసన లేదు.

చమురు విలువ ఎంతో 1935 మే 15న టాస్మన్ సముద్రం మీద తెలిసింది. కింగ్స్‌ఫర్డ్ స్మిత్ నడుపుతున్న మూడు ఇంజన్ల ‘సదరన్ క్రాస్’ విమానంలో విరిగిన పొగగొట్టపు ముక్క తగిలి కుడివైపు ప్రొపెల్లర్ దెబ్బతిన్నది. ఆ ఇంజన్‌ను ఆపివేశారు. కొంతసేపటికి ఎడమ ఇంజన్‌లో చమురు అడుగంటసాగింది. సహచరుడు పి.జి. టేలర్ కిటికీ గుండా బయటికి వచ్చి, రెక్క కింది కమ్మీ మీద నిలిచి, ఆగిపోయిన ఇంజన్ నుండి చమురును థర్మాస్ ఫ్లాస్కులో పట్టి, అవతలి రెక్క దగ్గరకు పోయి రెండవ ఇంజన్‌లో పోశాడు. అలా ఒకటి కాదు, ఆరు విడతలు. విమానం సిడ్నీకి తిరిగి చేరింది.

2010 నవంబరు 4న సింగపూరు నుండి లేచిన క్వాంటాస్ ఎ380లో 469 మంది ఉన్నారు. ఒక ఇంజన్‌లో చమురు తీసుకుపోయే చిన్న గొట్టానికి లోపలి రంధ్రం నడిమికి కాక పక్కకు పడింది. ఒకవైపు గోడ పలుచనై, అలసి, పగిలింది. కారిన చమురు అంటుకొని, టర్బైన్ చక్రం ముక్కలై రెక్కను చీల్చింది. పైలట్ల నేర్పు వల్ల అందరూ క్షేమంగా దిగారు. సెంటర్ తప్పిన రంధ్రం అంటే ఏమిటో నాచారంలో లేత్ తిప్పే ఏ పనివానికీ వివరించనక్కరలేదు.

శిక్షణ విమానాల దగ్గర అసలు చిక్కు మరొకటి. ఉదయం ఆరింటికే విద్యార్థులు వరుసలో ఉంటారు. గంటలు పూర్తి కావాలి. చమురు కారని ఇంజన్ ఉంటుందా అనే మాట ఎవరో ఒకరు అంటారు. గుడ్డతో తుడిస్తే మరక పోతుంది, విమానం బయలుదేరుతుంది. ఒంటరిగా మొదటిసారి ఎగరబోయే విద్యార్థికి ఆ తుడిచిన మరక సంగతి తెలియదు. దీనికి అడ్డుగా నిలిచేది పౌర విమానయాన డైరెక్టరేట్ లైసెన్సు పొందిన ఇంజనీరు సంతకం ఒక్కటే. అతడు సంతకం చేయనిదే విమానం కదలరాదు.

లోపం సరిచేసిన తరువాత బోల్టులను చెప్పిన కొలతకే బిగించి, ఫిల్టర్‌కు లాక్ తీగ కట్టి, నేల మీద ఇంజన్ నడుపుతారు. కౌలింగ్ తెరిచి పొడి వేలితో అతుకు వెంట తడిమి చూస్తారు. మొదటి ఎగురుడు ముగిసి దిగగానే మళ్ళీ తెరుస్తారు. వేలు పొడిగా తిరిగి వస్తేనే లాగ్‌బుక్‌లో ఆ నమోదు పక్కన సంతకం పడుతుంది.

ప్రశ్నలు

1. లారీ కింది మరకను చదివే పద్ధతి విమానానికి ఎందుకు సరిపోదో వివరించండి.
2. చెమర్చడం, ఊరడం, ఓడడం, కారడం, చిమ్మడం అనే మాటలను సొంత వాక్యాలలో ప్రయోగించి, వాటి అర్థభేదాన్ని తెలపండి.
3. ముందరి సీలు ఊడినప్పుడు బ్రీదర్ గొట్టాన్ని ఎందుకు పరీక్షించాలి?
4. ఉదయం వరుసలో ఉన్న విద్యార్థికీ, సంతకం చేయని ఇంజనీరుకూ మధ్య జరిగే సంభాషణను రాయండి.