దువ్వెన పక్కన పెట్టు, తల్లీ

చిరంజీవి బుజ్జికి అత్తయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మీ అన్నయ్య పెళ్లి పనులన్నీ ఏకరువు పెట్టి, ఇక పెట్టేస్తాననగా "బుజ్జి జుట్టు స్మూతెనింగ్ చేయించుకుంటుందట వదినా, పార్లర్లో అడ్వాన్సు కూడా కట్టేసిందట" అంది. ఆ మాట విన్న దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు. ఆఫీసులో ఎవరో "క్లయింట్ మీటింగుకి కాస్త నీట్‌గా రా" అన్నారని కిందటి ఉత్తరంలో ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. నేను బట్టల సంగతనుకున్నాను. వాళ్లన్నది జుట్టు గురించా?

ముందు ఇది చెప్పు. దగ్గు తగ్గిందా? రాత్రిపూట మిరియాల పాలు తాగుతున్నావా? హాస్టల్ మానేసి ముగ్గురూ కలిసి ఇల్లు తీసుకున్నారట, వంట ఎవరు చేస్తున్నారు? పెరుగు బయట కొనకండి, తోడు పెట్టుకోండి. ఇవన్నీ వివరంగా రాయి.

ఇక జుట్టు. మేనత్త పోలిక అంటారు చూడు, నీ విషయంలో అది అక్షరాలా నిజం. నీ బారసాల నాడు చెవుల పక్కన చుట్టుకున్న ఉంగరాలు వేలితో సాగదీసి వదిలి, అవి మళ్లీ చుట్టుకుంటుంటే చూసి, "ఇది నీ తలేనే" అంది మీ మామ్మ నాతో. ఆ హక్కుతోనే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. విసుక్కోకుండా చివరిదాకా చదువు.

రిటైరయ్యేదాకా పిల్లలకి నేచురల్ సైన్సు చెప్పినదాన్ని, తెలిసింది చెప్పకుండా ఉండలేను. వెంట్రుక అంటే కెరాటిన్ అనే మాంసకృత్తు. అందులో గంధకం పరమాణువులు జతలు జతలుగా ముడిపడి ఉంటాయి. వెంట్రుక కాలితే వచ్చే కంపు ఆ గంధకానిదే. కుదురు వంపు తిరిగి ఉంటే వెంట్రుక వంపుతోనే బయటికొస్తుంది, ఆ ముడులు దాన్ని అలాగే నిలబెడతాయి. స్మూతెనింగ్ మందు ఆ ముడుల్ని తెంపుతుంది. తర్వాత ఇస్త్రీ పెట్టి సాపు చేసి, ఆ సాపులోనే మళ్లీ అతికిస్తారు. అతికించిన వెంట్రుక ఇక వెనకటి వెంట్రుక కాదు. కుదురు మాత్రం మారదు. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి వైశాఖంలో పెళ్లికని చేయించుకుంటే శ్రావణమాసం నోముల నాటికి పైన మూడు సెంటీమీటర్లు ఉంగరాలు, కిందంతా సాపు. అప్పుడు మళ్లీ పార్లరుకి వెళ్లాలి, మళ్లీ డబ్బు పొయ్యాలి.

"అది కాదత్తయ్యా, కెరాటిన్ ట్రీట్‌మెంటు వేరే" అంటావేమో. అదీ కనుక్కున్నాను. మా ల్యాబులో కప్పనీ పామునీ ఉంచిన ఫార్మలిన్ సీసా మూత తీస్తే కళ్లమ్మట బొటబొటా నీళ్లు కారేవి. ఆ సీసాలో ఉండే ఫార్మాల్డిహైడే, ఈ మందులు చాలావాటిలోంచి ఇస్త్రీ వేడికి ఆవిరిగా వస్తుంది. మనిషికి క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి వర్గంలో దాన్ని 2004లోనే చేర్చింది ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ. అది లేదని డబ్బా మీద రాసి ఉన్నవాటిలో కొన్నిటిలో గ్లయాక్సిలిక్ ఆమ్లం వాడతారు. పార్లరుకి వెళ్లి ఆ మందు పెట్టించుకున్న ప్రతిసారీ కిడ్నీలు దెబ్బతిని, అలా మూడుసార్లు బాధపడిన 26 ఏళ్ల అమ్మాయి గురించి 2024లో డాక్టర్లు వైద్య పత్రికలో రాశారు. ఇంచుమించు నీ వయసు పిల్లే. అమెరికాలో 33 వేల మందికి పైగా ఆడవాళ్లని దాదాపు 11 ఏళ్లు గమనించిన అధ్యయనం ఒకటి 2022లో వచ్చింది. ఏడాదికి నాలుగుసార్లకి మించి ఈ సాపు చేసే మందులు వాడినవాళ్లలో గర్భాశయ క్యాన్సర్ రెట్టింపుకి మించి కనిపించింది. కారణం అదేనని వాళ్లు తేల్చలేదు. కానీ ఇంటి ఆడపిల్ల తల మీద పొయ్యొద్దనడానికి నాకు ఆ అనుమానం చాలు.

భయపెట్టాలని కాదమ్మా. నీ జుట్టుకి మందు అక్కర్లేదు. అక్కర్లేదని గట్టిగా ఎందుకంటున్నానో విను.

నీ జుట్టుని పాడుచేస్తున్నది నీ దువ్వెన. సంక్రాంతికి వచ్చినప్పుడు కళ్లారా చూశాను. తల పూర్తిగా ఆరిపోయాక అద్దం ముందు నిలబడి, సన్నపళ్ల దువ్వెనతో నడినెత్తి నుంచి కిందికి ఈడ్చావు. కొన్ని పదుల వెంట్రుకలు కలిసి ఒకే వంపులో చుట్టుకుంటేనే ఒక ఉంగరం. దువ్వెన ఆ జట్టుని విడగొట్టి దేని దారిన దాన్ని తోసేసింది. తల మబ్బులా లేచింది. "చూశావా అత్తయ్యా, నా జుట్టింతే" అని గట్టిగా రబ్బరు బ్యాండు బిగించావు. ఆ రోజు ఇంటినిండా చుట్టాలు, నాకు మాట్లాడే వీలు చిక్కలేదు.

దువ్వెనకి ఒక్కటే చోటు, స్నానాల గది. తడి తల మీద, కండిషనరో మందారాకు పసరో పట్టించి ఉండగా, పెద్ద పళ్ల చెక్క దువ్వెనతో, కొసల దగ్గర మొదలుపెట్టి మెల్లగా పైకి రావాలి. చిక్కు తగిలితే ఆగి వేళ్లతో విప్పు. తడిసిన వెంట్రుక బలహీనంగా ఉంటుంది, లాగితే తెగుతుంది. అంతే, బయటికొచ్చాక దువ్వెన ముట్టుకోకు. ఆఫీసు బ్యాగులో ఉంటే తీసెయ్యి. సొరుగులో ఉంటే ఎవరికైనా ఇచ్చెయ్యి. మీ ఇంట్లో పిల్లలు ప్రేమగా "రా, దువ్వుతాం" అన్నా కూర్చోకు. ఫోటో తీసేముందు దువ్వకు, రైలు దిగేముందు దువ్వకు. పెళ్లిలో మేకప్ చేసే అమ్మాయి తోక దువ్వెన పట్టుకొస్తుంది, జుట్టుని కిందనుంచి పైకి తోసి గూడు కడుతుంది. ఆ పూట నేను నీ పక్కనే నిలబడతాను.

నాకీ పట్టుదల ఊరికే రాలేదు. అమలాపురంలో మా అరుగు మీద అమ్మ నన్ను మోకాళ్ల మధ్య కూచోబెట్టుకుని, ఆముదం పట్టించి, కణతలు లాగేటట్టు రెండు జడలు వేసి, రిబ్బన్లు మడిచి కట్టేది. దువ్వెన పళ్లు విరిగి జుట్టులోనే ఉండిపోయేవి. మధ్యాహ్నం గంట కొట్టేసరికి నుదుటి దగ్గర ఉంగరాలన్నీ లేచి నిలబడేవి. "తలేమిటే అలా రేగింది, ఇంట్లో దువ్వేవాళ్లు లేరా" అని టీచరు అందరిలో అడిగితే, దువ్వడానికి పొద్దున్నే మా అమ్మ పడిన పాటు గుర్తొచ్చి ఏడుపొచ్చేది. ఆ ఊళ్లో వానాకాలం గాలి నీకు తెలుసుగా. గాలిలోని తేమ తగిలితే వెంట్రుకలో నీటికి లొంగే సన్నటి బంధాలు వదులై, జుట్టు తన సొంత వంపుకి తిరిగి వచ్చేస్తుంది. అమ్మ చేతిలోనూ లేదు, నా చేతిలోనూ లేదు.

తర్వాత రాజమండ్రి హాస్టల్లో నీళ్లు తోడే ఆవిడ తల చూశాను. మన తలే. మధ్యలో జుట్టు జారితే, ఒక చేత్తో బిందె పట్టుకునే రెండో చేత్తో వెనక్కి పోగుచేసి, చుట్టి, కొస దూర్చేసేది. రబ్బరు లేదు, పిన్ను లేదు. సాయంత్రం దాకా ఊడేది కాదు. చెవుల పక్కన నాలుగు ముంగురులు జారి చెమటకి అంటుకుని ఉండేవి. ఎంత బాగుండేదో ఆవిడ! నాకు వేలుముడి నేర్పింది ఆవిడే. మీరు మెస్సీ బన్ అంటున్నది ఇంచుమించు అదే, ఇప్పుడు నీకు చెప్తాను.

తల కాస్త వెనక్కి వంచు. జుట్టంతా వేళ్లతోనే పోగుచేసి నడినెత్తికి కొంచెం వెనకగా పట్టుకో. వదులుగా మెలిపెట్టి, చుట్ట చుట్టి, కొసని చుట్ట అడుగునుంచి దూర్చి పైకి తియ్యి. కొస పూర్తిగా దాగకూడదు, రెండు మూడు ఉంగరాలు పైకి కనిపించాలి. ఇంకా భయమైతే ఒక పెన్సిలు తీసుకుని, చుట్ట అంచు జుట్టుని కొంచెం పట్టేలా గుచ్చి, మొన తిప్పి తలకి ఆనించి అటువైపు తొయ్యి. సాపు జుట్టు మీద పెన్సిలు జారిపోతుంది, మన జుట్టు పట్టుకుని వదలదు. అద్దం ముందు నిలబడి సర్దకు. సర్దినకొద్దీ పాడవుతుంది.

మీటింగు రోజున చెవి పైనుంచి చెవి పైదాకా ఉన్న సగం జుట్టే ఎత్తి క్లచ్చర్ పెట్టు, మిగతాది భుజాల మీద వదిలెయ్యి. పాపిట వేలితో తియ్యి, వంకరగానే ఉండనీ. తలస్నానం చేసి రెండు మూడు రోజులై ఉంగరాలు నలిగిపోయి ఉంటే వదులు జడ మంచిది. మెడ దగ్గర రెండు వేళ్లు పట్టేంత చోటిచ్చి అల్లు, చివర జానెడు అల్లకుండా వదిలెయ్యి. తర్వాత కిందనుంచి పైకి ఒక్కో పాయ అంచునీ కొద్దికొద్దిగా బయటికి లాగు. జడ లావుగా, ఒత్తుగా కనిపిస్తుంది. ఏది వేసినా బిగించకు. రోజూ బిగించి లాగేవాళ్లకి కణతల దగ్గర జుట్టు పలచబడుతుంది, కుదురు చచ్చిందంటే మళ్లీ మొలవదు. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా చెల్లుతుందని ఊరికే అన్నారా.

తలంటు వారానికోసారి చాలు. ఉంగరాల వెంట తల నూనె కొసలదాకా దిగదు, అందుకే మన జుట్టు ఎప్పుడూ పొడిపొడిగా ఉంటుంది. తువ్వాలుతో రుద్దకు, పాత నూలుచీర ముక్కతో గుప్పిట పట్టి ఒత్తు. ఒక వంతు అవిసె గింజలు ఎనిమిది వంతుల నీళ్లలో మరిగించి, జిగురు రాగానే వేడి మీదే పల్చటి గుడ్డలో వడకట్టు. చల్లారితే గుడ్డలోంచి దిగదు. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. తడి జుట్టుకి అది రాసి, ఆరేదాకా చెయ్యి పెట్టకు. పడుకునేటప్పుడు నడినెత్తిన వదులుగా కట్టుకో. దిండుకి గలీబు కుట్టి పంపుతున్నాను, మీ మామ్మ పాత పట్టుచీరది. పట్టు మీద వెంట్రుక రాసుకోదు. పొద్దున్న ఇస్త్రీ బట్టల మీద నీళ్లు చల్లే సీసాతో కాస్త చిలకరించి, గుప్పిట్లో నొక్కి వదిలితే చాలు.

ఇక నీట్‌గా రమ్మన్నవాళ్ల మాట. ఉతికిన బట్టలు, కడుక్కున్న ముఖం, వేళకి వెళ్లడం, అదీ నీట్ అంటే. 2011లో "అలా మొదలైంది" వచ్చాక నిత్యా మీనన్ జుట్టు చూసి మా స్కూల్లో రింగుల జుట్టు పిల్లలు తలెత్తుకుని తిరిగారు. 2015లో మలయాళం "ప్రేమమ్" చూసి అనుపమా పరమేశ్వరన్ తల గురించి నాకు చెప్పింది నువ్వే కదూ! చిన్నప్పుడు నిన్ను నాగార్జునకొండ తీసుకెళ్తే బుద్ధుడి తల దగ్గర ఆగి కదలనన్నావు. తల నిండా కుడివైపు తిరిగిన చిన్న చిన్న ఉంగరాలు, ఒక్కోదాన్నీ విడివిడిగా చెక్కాడు శిల్పి. "నాలాగే ఉన్నాడు" అన్నావు. అలా అన్న పిల్లవి, ఎవరో ఒక మాటన్నారని తల మార్చుకుంటావా?

అడ్వాన్సు పోతే పోనీ, ఆ డబ్బు నేను పంపిస్తాను. మీ అమ్మకి చెప్పొద్దు.

పెళ్లికి మల్లెపూలు కడియపులంక మార్కెట్టు నుంచి తెప్పిస్తున్నాం. ఆడపడుచువి, నీ పూలు నేనే కడతాను. జడకైతే పొడుగు దండ కావాలి, వేలుముడికైతే చుట్టూ తిరిగే దండ. ఏది వేసుకుంటావో ఈ వారంలోగా రాయి, పూలతనికి ముందే చెప్పాలి.

ఇట్లు,
అత్తయ్య