అల్లపు ఘాటు ఎక్కడ పుడుతుంది?

వంటల పుస్తకాలలో “అంగుళం అల్లం ముక్క” అన్న కొలత తరచుగా కనిపిస్తుంది. ఆ కొలతనే నమ్ముకొని నూరిన పచ్చడి ఒక వారం చప్పగాను, మరొక వారం గొంతు మండేటట్లుగాను ఉండడం విదేశాలలోని తెలుగు ఇళ్ళకు అనుభవమే. దోషం నూరిన చేతిది కాదు. ఘాటును నిర్ణయించేది ముక్క పొడవు కాదు. ఆ అల్లం జాతి, వయస్సు, త్రవ్విన తరువాత అది పొందిన సంస్కారం.

అల్లాన్ని చాలామంది వేరు అనుకుంటారు. వృక్షశాస్త్రం ప్రకారం అది నేలలో అడ్డంగా పెరిగే కాండం. అందుకే దానికి కణుపులు, మొగ్గలు ఉంటాయి. పసుపు, ఏలకులు దీని కుటుంబానికి చెందినవే.

ఘాటుకు మూలం

అల్లపు సువాసన వేరు, ఘాటు వేరు. సువాసన ఆవిరయ్యే తైలాలది. ఘాటు ముఖ్యంగా జింజెరాల్ అనే పదార్థానిది. ఘాటు నిజానికి రుచి కాదు, వేడి స్పర్శ వంటి అనుభూతి. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిని, మిరపకాయ మంటను ఒకే గ్రాహకం పసిగడుతుందని డేవిడ్ జూలియస్ బృందం 1997లో కనుగొన్నది. ఆ పరిశోధనకు ఆయన 2021లో నోబెల్ బహుమతిని పంచుకున్నారు. జింజెరాల్ కూడ ఆ గ్రాహకాన్నే మేల్కొలుపుతుంది. మిరపలోని కాప్సైసిన్‌తో పోలిస్తే దాని బలం చాలా తక్కువ.

ఎండితే శొంఠి, ఉడికితే సౌమ్యం

“శొంఠి లేని కషాయం లేదు” అని సామెత. పచ్చి అల్లంలో దాదాపు 80 శాతం నీరే. ఎండబెట్టినపుడు ఆ నీరు పోయి ఘాటు పదార్థం చిక్కబడుతుంది. అంతటితో ఆగక, జింజెరాల్‌లో కొంత భాగం తన అణువు నుండి ఒక నీటి అణువును విడిచి షోగాల్‌గా మారుతుంది. జపాను భాషలో అల్లాన్ని ‘షోగా’ అంటారు. ఆ పేరు అక్కడినుండి వచ్చినదే. షోగాల్ జింజెరాల్ కన్న ఘాటైనది. కనుక శొంఠిలో నీరు రెండు విధాల తొలగి, ఘాటు రెండు విధాల పెరుగుతుంది. పచ్చి అల్లానికి బదులు అంతే శొంఠిపొడి వేస్తే కారం మితిమీరడానికి కారణం ఇదే.

వంటలో జరిగేది వేరు. వేడికి జింజెరాల్‌లో కొంత విచ్ఛిన్నమై జింజెరోన్ ఏర్పడుతుంది. దీనిలో ఘాటు స్వల్పం, తీపి కలిసిన సుగంధం అధికం. ఘాటు కావలసినవారు అల్లాన్ని పొయ్యి దించే ముందు వేయాలి. సౌమ్యత కావలసినవారు మొదటనే వేసి బాగా ఉడికించాలి.

సాగు, వయస్సు

ఆంధ్రప్రదేశ్‌లోని పాడేరు ప్రాంతంలోను, తెలంగాణలోని జహీరాబాద్ ప్రాంతంలోను అల్లం పండిస్తారు. వర్షాకాలం ముందు, ఒకటి రెండు మొగ్గలున్న 20–25 గ్రాముల విత్తనపు ముక్కలను నాటి పచ్చి ఆకులతో కప్పుతారు. నీరు నిలిస్తే దుంపకుళ్ళు తప్పదు. 5–6 నెలల అల్లం లేతది: తొక్క పలుచన, పీచు స్వల్పం, నీరెక్కువ, ఘాటు తక్కువ. మురబ్బాకు ఇది శ్రేష్ఠం. 8–9 నెలలకు ఆకులు పసుపుబారి వాలిపోతాయి. అప్పటి అల్లం ముదురు, పీచు గలది, ఘాటైనది. శొంఠికి అదే తగినది.

చలిదేశాలలో మంచు పడితే మొక్క నిలువదు. అక్కడ చలికాలం చివర ఇంటిలోపల మొలకెత్తించి, వెచ్చబడిన తరువాత ఆరుబయట ఉంచి, మంచుకు ముందే త్రవ్వుతారు. కనుక పెరటి అల్లం చాలావరకు లేతదై, సౌమ్యంగా ఉంటుంది. అది మట్టి లోపం కాదు, కాలం చాలకపోవడం. ఘాటు కోరేవారు వెడల్పైన కుండీలో పెంచి, చలి రాగానే లోపలికి చేర్చి, ఆకులు వాలేవరకు ఓపిక పట్టాలి. గల్ఫ్ దేశాలలో ఇబ్బంది చలి కాదు, తీవ్రమైన ఎండ. అక్కడ నీడ కల్పించాలి. మలేషియాలో మంచు బెడద లేదు. అక్కడి బెంటాంగ్ అల్లం ఘాటుకు ప్రసిద్ధి.

కొట్టులో అల్లం ఎన్నుకొనేటపుడు ముక్కను విరిచి చూడడం మేలు. పీచు లేకుండ పుటుక్కున విరిగితే లేతది. దానిని సన్నగా తరిగి పెసరట్టుపై ధారాళంగా చల్లవచ్చును. విరిచినచోట పీచు తేలితే ముదురుది. అపుడు అంగుళానికి బదులు అర అంగుళంతో మొదలుపెట్టి, రుచి చూచి పెంచుకొనవలెను.